జెనరేటర్ కంట్రోలర్‌లో ఫేజ్ సీక్వెన్స్ అలారం సెట్ చేయడం

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద జెనరేటర్ ప్యానెళ్లు చూడటం నా పని. ఏ ప్యానెల్ తలుపు తెరిచినా, జెనరేటర్‌ను నడిపి కాపాడే కంట్రోలర్‌లో ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, ఓవర్ వోల్టేజ్ అన్నీ సెట్ చేసి ఉంటాయి. ఫేజ్ సీక్వెన్స్ అలారం, అంటే మూడు ఫేజులు వచ్చే వరుస తప్పితే చెప్పేది, మాత్రం చాలాచోట్ల ఆఫ్‌లో ఉంటుంది. చెరువు రైతుకు అది చాలా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆర్, వై, బీ (ఎరుపు, పసుపు, నీలం) మూడు ఫేజుల్లో ఏ రెండు అటూ ఇటూ మారినా త్రీఫేజ్ మోటారు రివర్స్‌లో తిరుగుతుంది. మీటరు పెట్టి చూస్తే ప్రతి రెండు ఫేజుల మధ్యా 415 వోల్టులు సరిగ్గానే చూపిస్తుంది, బల్బులూ వెలుగుతాయి. కానీ చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ రెక్కలకు ఒక వాటం ఉంటుంది. రివర్స్ తిరిగితే నీళ్లు చిమ్ముతున్నట్టే కనిపిస్తుంది గానీ, నీటిని తొయ్యాల్సిన వైపు తొయ్యదు. రూట్స్ బ్లోవర్ అయితే గాలి కొట్టడం మానేసి పైపులోంచి వెనక్కి లాగుతుంది. నీటి మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు సరిగ్గా రావు.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి: ఫేజులు వాటంతట అవే మారవు. ఆల్టర్నేటర్ రీవైండింగ్‌కు వెళ్లి వచ్చినప్పుడో, కేబుల్ జాయింట్ వేసినప్పుడో, ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడో, అంటే ఎవరో ఒకరు చెయ్యి పెట్టాకే మారతాయి. తప్పు కంట్రోలర్ చూసే చోట జరిగి, అలారం సరిగ్గా సెట్ చేసి ఉంటే, పని చేసిన మనిషి ఇంకా గట్టు మీద ఉండగానే, మొదటి స్టార్ట్‌లోనే తప్పు బయటపడుతుంది. లేకపోతే అది తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉన్న వేళ, కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది.

సెట్టింగ్ జోలికి వెళ్లేముందు కొలత తీసుకోవాలి. ఇది 415 వోల్టుల పని, అలవాటున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. కరెంటు మీద మోటార్లు సరైన వైపే తిరుగుతున్నాయని ముందు కళ్లారా చూడండి. తర్వాత చేంజోవర్ (మోటార్లను కరెంటు మీదికో జెనరేటర్ మీదికో మార్చే స్విచ్) దగ్గర, కరెంటు వచ్చే వైపు ఎడమ, మధ్య, కుడి పోళ్లకు (టెర్మినళ్లకు) ఫేజ్ సీక్వెన్స్ మీటర్ ఎరుపు, పసుపు, నీలం క్లిప్పులు వరుసగా పెట్టి అది ఏ దిశ చూపిస్తుందో రాసుకోండి. జెనరేటర్‌ను లోడ్ లేకుండా నడిపి, చేంజోవర్‌లో జెనరేటర్ వైపు పోళ్లకు అదే వరుసలో పెట్టి చూడండి. రెండూ ఒకే దిశ చూపించాలి.

తేడా ఉంటే ఇంజన్ ఆపి, కంట్రోలర్‌ను స్టాప్‌లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆల్టర్నేటర్ టెర్మినల్ బాక్స్‌లోనే రెండు లగ్గులు (కేబుల్ చివరి బిగింపులు) ఒకదాని చోట ఒకటి మార్చండి. జెనరేటర్‌ను లోడ్‌కు కలిపే, విడదీసే బ్రేకర్ తర్వాత మార్చడం తేలికే, చాలామంది అదే చేస్తారు. నేను ఒప్పుకోను. కంట్రోలర్ వోల్టేజ్ చూసుకునే సెన్సింగ్ వైర్లు సాధారణంగా బ్రేకర్‌కు ముందు, జెనరేటర్ వైపు నుంచి వస్తాయి. ఆ వైర్లు ఎక్కడ తగిలించి ఉన్నాయో అక్కడి సీక్వెన్స్ మాత్రమే కంట్రోలర్‌కు తెలుస్తుంది. బ్రేకర్ తర్వాత కేబుల్ తారుమారైతే కంట్రోలర్ ఎప్పటికీ చెప్పలేదు. కరెంటు ఎంత పోతుందో కొలిచే సీటీలు కూడా ప్యానెల్‌లో ఉంటే, టెర్మినల్ బాక్స్‌లో చేసిన మార్పు వాటికీ సెన్సింగ్‌కూ కలిపే వర్తిస్తుంది, కిలోవాట్ రీడింగ్ చెడదు.

సెన్సింగ్ వైర్లు కూడా వరుసలో ఉన్నాయా అన్నది చాలామంది వదిలేసే చోటు. జెనరేటర్ నడుస్తుండగా కంట్రోలర్ ఎల్1 (ఆర్ ఫేజ్ వైరు రావాల్సిన) టెర్మినల్‌కూ బ్రేకర్ ఆర్ ఫేజ్‌కూ మధ్య మీటర్ పెడితే దాదాపు సున్నా రావాలి. 415 వచ్చిందంటే ఆ వైరు వేరే ఫేజ్‌కు తగిలించి ఉందన్నమాట. మిగతా రెండూ అలాగే చూడండి.

ఇక సెట్టింగ్. డీప్ సీ కంపెనీ 7320 లాంటి కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ముందు ఉన్న కాన్ఫిగరేషన్‌ను (సెట్టింగులన్నిటినీ) ఒక ఫైల్‌గా సేవ్ చేసుకోండి. ఏసీ సిస్టమ్ అనే సెట్టింగ్ త్రీఫేజ్ ఫోర్ వైర్‌లో ఉండాలి. సింగిల్ ఫేజ్‌లో ఉంటే ఈ రక్షణకు అర్థమే లేదు. జెనరేటర్ భాగంలో ఫేజ్ రొటేషన్ (ఫేజ్ సీక్వెన్స్‌కే ఇంకో పేరు) ఎనేబుల్ చేసి, ఎల్1-ఎల్2-ఎల్3 పెట్టి, కంట్రోలర్‌లోకి రాయండి. వేరే కంపెనీలవాటిలో పేరు కొంచెం మారుతుంది, పని అదే.

అలారం వస్తే ఏం జరగాలో ఎంచుకునే వీలున్న కంట్రోలర్‌లో వార్నింగ్‌తో సరిపెట్టకండి. వార్నింగ్ పడినా బ్రేకర్ ఎక్కుతుంది, మోటార్లు రివర్స్ తిరుగుతాయి, స్క్రీన్ చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఎలక్ట్రికల్ ట్రిప్ పెట్టండి. అందులో బ్రేకర్ విడిపోయి, ఇంజన్ కాసేపు చల్లబడేదాకా నడిచి ఆగుతుంది. తప్పు ఇంజన్‌లో లేదు కాబట్టి ఒక్కసారిగా షట్‌డౌన్ అక్కర్లేదు. అయితే ట్రిప్ అయితే చెరువుకు గాలి ఆగిపోతుంది కదా అని రైతులు టెన్షన్ పడతారు, అది న్యాయమైన భయమే. అందుకే కంట్రోలర్‌లో ఖాళీగా ఉన్న ఒక అవుట్‌పుట్‌ను కామన్ అలారంగా (ఏ అలారం వచ్చినా పనిచేసేలా) పెట్టి, రిలే ద్వారా కాపలా మనిషి పాకకు సైరన్ లాగాలి. సైరన్ సప్లై బ్యాటరీ నుంచే ఇవ్వండి. ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

టెస్ట్ చెయ్యకుండా వెళ్లిపోవద్దు. పగటిపూట, లోడ్ బ్రేకర్ విడిగా ఉంచి, ఫేజ్ రొటేషన్‌ను ఎల్3-ఎల్2-ఎల్1గా మార్చి స్టార్ట్ చెయ్యండి. వోల్టేజ్ నిలబడ్డాక అలారం పడాలి, సైరన్ మోగాలి, బ్రేకర్‌కు క్లోజ్ సిగ్నల్ వెళ్లకూడదు. చూసుకున్నాక మళ్లీ ఎల్1-ఎల్2-ఎల్3కు తెచ్చి ఇంకోసారి స్టార్ట్ చెయ్యండి. ఇలా చేస్తే వైర్లు ముట్టుకోవాల్సిన పని లేదు.

ఎప్పుడైనా నిజంగా ఈ అలారం వస్తే, దాన్ని నోరు మూయించడానికి సెట్టింగ్ తిరగేసేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. చేంజోవర్ దగ్గర మళ్లీ మీటర్ పెట్టించండి.

కరెంటు పోగానే తానే స్టార్ట్ చేసే ఆటోమేటిక్ ప్యానెల్ ఉంటే, మెయిన్స్ (కరెంటు లైను) వైపు కూడా ఇదే రొటేషన్ అలారం ఉందేమో చూసి, ఉంటే దాన్నీ ఎనేబుల్ చెయ్యండి. తుపాను తర్వాత తెగిన లైను కలిపినా, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చినా తారుమారయ్యేది కరెంటు వైపే. అప్పుడు జెనరేటర్ ఫేజులు మార్చకూడదు. లోడ్‌ను జెనరేటర్ మీదే ఉంచి, లైన్‌మన్ స్తంభం దిగి వెళ్లకముందే మీటర్ చూపించి లైను వైపే సరిచేయించుకోండి.