ఇంటిపేరు ఖాళీగా వదిలి వెతకండి

వలస వెళ్లిన పూర్వీకుల కోసం పాత జనాభా లెక్కలు ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఒకటే చికాకు. మనకు తెలిసిన ఇంటిపేరు కొడితే ఎవరూ రారు. మనిషి ఆ కాగితాల్లోనే ఉంటాడు, కాకపోతే వేరే స్పెల్లింగుతో. అప్పటి గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు, ఆ చేతిరాతను కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు ఇంకోలా చదివారు. మేయర్ అనే ఒక్క జర్మన్ ఇంటిపేరునే నాలుగైదు రకాలుగా రాస్తారు మరి.

నాకు పనిచేసింది ఇది: ఇంటిపేరు గడి పూర్తిగా ఖాళీగా వదిలేయండి. మనిషి పేరు, పుట్టిన దేశం, పుట్టిన ఏడాదికి అటూ ఇటూ 5 ఏళ్లు ఇవ్వండి. దానికి తోడు అదే ఇంట్లో ఉన్న ఇంకో ఇద్దరి పేర్లు, అంటే భార్యదీ ఒక పిల్లాడిదో పిల్లదో. ఇంట్లో కాస్త అరుదైన పేరు ఎవరిదైనా ఉంటే అదే ఇవ్వండి, జాబితా బాగా తగ్గిపోతుంది. మరీ ఎక్కువ వస్తే అప్పుడు ఇంటిపేరు మొదటి మూడు అక్షరాలు, పక్కన నక్షత్రం గుర్తు (*, అంటే మిగతా అక్షరాలు ఏవైనా సరే అని) పెట్టి చూడండి.

ఒంటరిగా వెళ్లిన కుర్రాడి విషయంలో మాత్రం ఇది పెద్దగా అక్కరకు రాదు, పక్కన ఇంట్లోవాళ్ల పేర్లు ఉండవు కదా. కొత్త దేశంలో అసలు పేరే మార్చుకున్నా అంతే. యోహాన్ కాస్తా జాన్ అయి ఉండొచ్చు, రెండూ ప్రయత్నించండి. దొరికింది కదా అని వెంటనే వంశవృక్షంలో రాసేయకండి. తర్వాతి జనాభా లెక్కలోనూ పిల్లల వయసులు, వరస సరిపోయాకే రాసుకోండి.