కుక్కకి నలత చేస్తే ముందు వంటింట్లో వెతకండి

మనం తినగా మిగిలిన కూర, చారన్నం కుక్కకి కలిపి పెట్టడం మన ఇళ్లలో మామూలే. తిన్న రోజున అది హుషారుగానే తిరుగుతుంది. నాలుగో రోజున పడకేస్తే ఆ కూర సంగతి ఎవరికీ గుర్తుండదు. డాక్టర్ అడిగినప్పుడు ఇవాళ్టి తిండి ఒక్కటే కాదు, వారం రోజులుగా ఏం పెట్టారో చెప్పండి.

నీరసం, ఆయాసం, కాఫీ రంగు మూత్రం

పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఆ రంగు మళ్లీ రావాలి. నల్ల చిగుళ్ల కుక్కయితే కింది కనురెప్ప లాగి లోపల చూడండి. పాలిపోయి ఉంటే మొదటి అనుమానం ఉల్లి, వెల్లుల్లి మీదే. వాటిలోని గంధకపు పదార్థాలు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించినా వేయించినా ఆ గుణం పోదు. కుక్క బరువులో కిలోకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు హాని చేయడానికి. అంటే ఐదు కిలోల కుక్కకి ఒక్క ఉల్లిగడ్డ. ముక్కలు ఏరేసి గ్రేవీ పెట్టినా లాభం లేదు, రసంలోకి అంతా దిగిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు మందు లేదు. వెంటనే రక్తపరీక్ష చేయించాలి, రక్తం మరీ తగ్గితే ఎక్కించాల్సి వస్తుంది.

వాంతులు, తిండి ముట్టకపోవడం, మూత్రం తగ్గిపోవడం

పాయసంలోకి తెచ్చిన కిస్‌మిస్, ద్రాక్షపళ్లు తిన్నదేమో చూడండి. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎన్ని తింటే ప్రమాదమో చెప్పలేం, ఒక కుక్కకి ఏమీ కాదు, ఇంకొకటి కొన్నిటికే పడిపోతుంది. 2021లో అమెరికా పశువైద్యులు దీనికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండొచ్చన్నారు. మనకి అసలు భయం ఇక్కడే, చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే. చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇదే జబ్బు కనిపించింది. పులుసుకి నానబెట్టిన గిన్నె మీద మూత పెట్టండి, పిసికిన పిప్పి మూత ఉన్న బుట్టలో వేయండి. తిన్నదని తెలిస్తే వాంతి కోసం ఎదురుచూడకుండా అప్పుడే తీసుకెళ్లండి. రెండు గంటల లోపైతే డాక్టర్ కక్కించగలరు, తర్వాత సెలైనే దిక్కు.

ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. ఉప్పు ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది.

తూలడం, వణుకు, ఫిట్స్

చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ అరగంటలోనే రక్తంలో గ్లూకోజ్‌ని పడేస్తుంది. చిగుళ్లకి తేనె రాస్తూ ఆసుపత్రికి పరుగెత్తండి. గుండె దడదడలాడుతూ కుక్క నిలకడ లేకుండా తిరుగుతుంటే చాక్లెట్ తిన్నదేమో కనుక్కోండి. ఎంత చేదుగా ఉంటే అంత ప్రమాదం. ఏదైనా సరే, రేపర్ వెంట తీసుకెళ్లండి.

పదేపదే వాంతి, విరేచనం కాకపోవడం, గట్టిపడ్డ పొట్ట

మామిడి టెంక గానీ ఉడికిన కోడి ఎముక గానీ పేగులో ఇరుక్కుని ఉంటుంది. ఎక్స్‌రే లేదా స్కానింగ్ తీయించండి. టెంక అడ్డంపడితే చాలాసార్లు ఆపరేషన్ తప్పదు. విరేచనాల మందు మాత్రం వేయకండి.