ముసురుకు ఆకు రాల్చని గులాబీ కోసం

2024 ఆగస్టు నెలాఖరు వాన విజయవాడలో ఎవరికీ మరుపు రాదు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఊరి మీద పడింది. సత్యనారాయణపురంలో మా మేడ మీది కుండీలకు వరద ముప్పు లేకపోయినా ముసురు మాత్రం వదల్లేదు. వాన వెలిసిన పది రోజులకు చూస్తే నా 22 గులాబీల్లో 21 ఆకు లేని పుల్లలై నిలబడ్డాయి. ఒక్కటే పచ్చగా ఉంది. అది కొన్న మొక్క కాదు, నేను గింజ నాటి పెంచినది. అప్పటి నుంచి అడిగిన వారందరికీ ఒకే మాట చెబుతున్నాను: మన ఊరికి గులాబీని పువ్వు చూసి ఎంచుకోవద్దు, ఆకు చూసి ఎంచుకోండి. అలాంటి మొక్క దొరక్కపోతే మనమే పుట్టించుకోవచ్చు. నేను బట్టలు కుట్టుకునే మనిషిని. నా చేతనైన పని మీ చేత కాకపోదు.

ముందు ఉన్న మొక్కలను కాపాడుకునే సంగతి.

మనకు ఎక్కువ నష్టం చేసేది నల్లమచ్చ తెగులు. జులై నుంచి నవంబరు దాకా దీని కాలం. మచ్చను దగ్గరగా చూడండి. గుండ్రంగానే ఉంటుంది కానీ అంచు గీత గీసినట్లు ఉండదు, కత్తిరించి మడత కుట్టని గుడ్డ అంచులా పీచులు పీచులుగా ఉంటుంది. అలా ఉంటే అది నల్లమచ్చే, అనుమానం అక్కరలేదు. చుట్టూ ఆకు పసుపు పచ్చబడి, కింది ఆకులతో మొదలై పైకి రాలుతూ పోతుంది. ఈ శిలీంధ్రానికి ఆకు మీద సుమారు 7 గంటలు తడి ఆరకుండా ఉంటే చాలు, లోపలికి దిగిపోతుంది. సాయంత్రం పైపుతో ఆకుల మీద నీళ్లు చిమ్మడమంటే తెగులును చేజేతులా పిలవడమే. ఉదయం 8 లోపు, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయండి. కుండీకీ కుండీకీ రెండడుగుల ఎడం ఉంచండి. మట్టి మీద ఎండుగడ్డి పరిస్తే వాన చినుకు మట్టిని ఆకు మీదకు ఎగరేయదు. రాలిన ఆకులను రోజూ ఏరి చెత్తబండిలో వేయండి, ఎరువు గుంతలో వద్దు.

డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చేది బూడిద తెగులు. లేత చిగుళ్ల మీద, మొగ్గ కాడల మీద తెల్లగా పొడి చల్లినట్లు కనిపిస్తుంది, ఆకు ముడుచుకుంటుంది. దీని తీరు వేరు. ఆకు మీద నీరు నిలవడం దీనికి గిట్టదు. రాత్రి చలి, గాలిలో తేమ, పగలు పొడి ఎండ ఉంటే చాలు. అందుకే నల్లమచ్చకు వాడిన మందే దీనికీ వాడి ఫలితం లేదని బాధపడవద్దు.

మందుల మాట క్లుప్తంగా చెబుతాను. నల్లమచ్చకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్, అదీ వానలు మొదలయ్యే ముందు మచ్చ లేని ఆకు మీద కొట్టాలి. వచ్చిన మచ్చను అది మాన్పదు. బూడిదకు నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు, చల్లటి ఉదయం పూట. 32 డిగ్రీలు దాటే ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది. మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఆ పువ్వులను తలలో పెట్టుకోవద్దు, రేకులను గుల్కందుకు అసలే వాడవద్దు.

దసరా వెళ్లాక ముసురు లేని రోజు చూసి కొమ్మలు కత్తిరిస్తాం కదా, అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. కోసిన చోటు నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి ఎండుతూ వస్తుంది. ఎండిన భాగానికి ఒక అంగుళం కింద, లోపల తెల్లటి కర్ర కనిపించే దాకా కోసి, బోర్డో ముద్ద పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, రెండింటినీ ఒకేసారి మూడో ప్లాస్టిక్ మగ్గులో పోయండి. ఇనుప కత్తిని అందులో ముంచి తీస్తే ఎర్రటి పూత కనిపించకూడదు. కనిపిస్తే ఇంకాస్త సున్నం కలపాలి. ఫ్రాన్సులో ద్రాక్ష తోటల కోసం పుట్టిన ఈ మందు 1885 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. కోసిన కర్రకే పూయండి. వానల్లో లేత గులాబీ ఆకు రాగిని ఓర్చుకోలేదు.

ఇక నా మనసంతా ఉన్న పని, కొత్త మొక్కను పుట్టించడం.

కడియం నర్సరీ నుంచి తెచ్చిన పసుపు గులాబీ నాకు ప్రాణం. నల్లమచ్చ అందరికన్నా ముందు దానికే వస్తుంది. దీనికి కారణం వంద ఏళ్ల వెనక ఉంది. ఫ్రాన్సులో పెర్నె డుషే అనే ఆయన పర్షియా పసుపు గులాబీని తోట గులాబీలతో సంకరం చేసి 1900లో ‘సొలేయ్ దోర్’ను విడుదల చేశాడు. నేటి పసుపు, నారింజ గులాబీల రంగు చాలావరకు ఆ వంశం నుంచి వచ్చిందే. రంగుతో పాటు నల్లమచ్చకు లొంగే గుణమూ వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఈ దేశపు అడవి గులాబీలైన రోజా జైగాంటియా, రోజా క్లైనోఫిల్లాలను తీసుకుని వేడి ప్రాంతాలకు తగిన రకాల కోసం సంకరాలు చేశారు. అడవి మొక్కలు మనకు దొరకవు. కానీ మందు ముఖం చూడని పాత గులాబీలు ప్రతి వీధిలోనూ ఉంటాయి. మా పక్కింటి గోడ మీద పాకే ఎర్ర గులాబీ అలాంటిదే. దానికి ఎవరూ ఏమీ చేయరు, ఆకు మాత్రం రాలదు. "పిన్నిగారూ, నాలుగు మొగ్గలు ఇస్తారా" అని అడిగి, నా పసుపు గులాబీకి దాన్నే తండ్రిని, అంటే పుప్పొడి ఇచ్చే మొక్కను చేసుకున్నాను.

తల్లి మొక్క కాయ పట్టేదై ఉండాలి. వాడిన పువ్వులను కొన్నింటిని కోయకుండా వదిలి చూడండి. కింద బుడిపె పచ్చగా ఉబ్బితే పనికొస్తుంది.

నవంబరు మధ్య నుంచి డిసెంబరు దాకా మంచి అదను. మొగ్గ రేకులు వదులై ఇంకా విచ్చని తెల్లవారుజామున మొదలుపెట్టండి. రేకులన్నీ మెల్లగా తిప్పి లాగేయండి. మధ్యలో కీలాగ్రాల (పుప్పొడిని అందుకునే ఆడ కొసల) గుత్తి, చుట్టూ పసుపు తలల కేసరాలు (పుప్పొడి ఉండే మగ భాగాలు) కనిపిస్తాయి. దారం తెంచే చిన్న కత్తెరతో కేసరాలను ఒక్కటీ మిగలకుండా కత్తిరించాలి. ఒక్కటి మిగిలినా తన పుప్పొడి తనకే అంటుకుని మీ శ్రమ వృథా అవుతుంది. గుత్తికి చిన్న కాగితం సంచి తొడగండి. తండ్రి మొగ్గ నుంచి కోసిన కేసరాలను స్టీలు మూతలో వేసి నీడన ఉంచండి. మరునాటికి అవి పగిలి మూత అడుగున పసుపు పొడి రాలుతుంది. ఈలోగా తల్లి కీలాగ్రాలు జిగురుగా మెరుస్తాయి. చూపుడు వేలితో ఆ పొడిని అద్ది రాయండి, తర్వాతి రోజు ఇంకోసారి రాసి, సంచి మూడు రోజులు ఉంచి తీసేయండి.

తండ్రి ఎవరో గుర్తుండడానికి నేను కాడకు రంగు దారం కడతాను. ఎర్ర దారమంటే పక్కింటి గులాబీ. చీటీ మీద రాసిన సిరా వానకు పోతుంది, మంచి పాలియెస్టర్ దారం పోదు.

పదిహేను రోజుల్లో కాడ పసుపు పచ్చబడితే అది నిలవలేదని లెక్క. పచ్చగా ఉంటే నాలుగు నెలలు ఓపిక పట్టండి. మార్చి, ఏప్రిల్ ఎండకు పచ్చవల కట్టాలి. కాయ నారింజ రంగుకు తిరిగాక కోసి, గింజలు కడిగి, నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచండి. నీళ్లలో తేలిన గింజలను పారేయమంటారు, నాకు తేలిన వాటిలోనూ రెండు మొలిచాయి. ఆగస్టు మొదట్లో వాటిని తడి టిష్యూ కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో 8 వారాలు ఉంచండి. గులాబీ గింజకు ఆ చలి దాటితే గానీ నిద్ర వదలదు. వారానికోసారి బూజు పట్టిందేమో చూసుకోండి.

అక్టోబరులో కొబ్బరి పొట్టు, ఇసుక సమంగా కలిపి అర అంగుళం లోతున నాటండి. పై నుంచి నీళ్లు పోయకండి, కుండీ అడుగును పళ్లెంలోని నీటిలో ఉంచితే మట్టి తనంత తాను పీల్చుకుంటుంది. పై తడికి మొలక మొదలు కుళ్లిపోతుంది. కొన్ని మూడు వారాలకు, కొన్ని మూడు నెలలకు లేస్తాయి. నేను నాటిన 40 గింజల్లో 11 మొలిచాయి.

ఆ పదకొండింటికీ మందు కొట్టలేదు. ఇక్కడే మనసు గట్టి చేసుకోవాలి. మందు కొడితే ఏ మొక్కకు సొంత బలం ఉందో ఎప్పటికీ తెలియదు. సంక్రాంతికి తొలి పువ్వు వస్తుంది, ముద్దుగా ఉంటుంది, దాన్ని చూసి తీర్పు చెప్పకండి. జులైలో వాటిని తెగులు తగిలిన కుండీల మధ్యే పెట్టండి. ఇంకా ముందే తెలుసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. ప్రతి మొలక నుంచి పూర్తిగా విచ్చిన ఒక లేత ఆకు కోసి, తడి దూది పరిచిన టిఫిన్ డబ్బాలో పరచండి. మచ్చలున్న ఆకును నాలుగు చుక్కల నీటిలో నలిపి, ఆ నీటిని ఒక్కో ఆకు మీద ఒక్కో బొట్టు పెట్టి మూత వేయండి. ఇంట్లో చల్లగా ఉండే మూలన ఉంచితే పది పన్నెండు రోజుల్లో లొంగే ఆకు మీద ఆ పీచు అంచు నల్లమచ్చ తేలుతుంది. శుభ్రంగా మిగిలిన వాటికి గుర్తు కట్టండి. అయితే ఈ శిలీంధ్రంలోనూ తెగలు ఉన్నాయి. ఒక్క వానాకాలం నెగ్గిందని నమ్మకుండా రెండో ఏడు కూడా చూడాలి.

నా మొలకల్లో నేరేడు పండు రంగు పువ్వు ఒకటి పూసింది. అలాంటి రంగు నేను ఎక్కడా చూడలేదు. సెప్టెంబరుకు దానికి ఒక్క ఆకూ మిగలలేదు. ఏడ్చినంత పని చేసి తీసేశాను.

నిలిచిన మొక్కది లేత పసుపు పువ్వు, పన్నెండే రేకులు, పరిమళం దాదాపు లేదు. 2025 వానలకు కింది నాలుగైదు ఆకులే పోగొట్టుకుంది. నాటు గులాబీ వేరు మీద కన్ను అంటు కట్టి రెండు మొక్కలు చేశాను. ఒకటి మొగ్గలిచ్చిన పిన్నిగారికి. మా అత్తగారు తెనాలి నుంచి తెచ్చిన పన్నీరు గులాబీకి వాసన ఇల్లంతా నిండుతుంది. వచ్చే కార్తీకంలో దాని పుప్పొడినే నా మొక్కకు అద్దుతాను, ఈసారి కాడకు పచ్చ దారం.