ఇంట్లో చిన్న సముద్రం – 7వ పాఠం: కరెంటు లేని చలిరాత్రి

పోయిన పాఠంలో ఉప్పునీటి చేపల తొట్టిలో నీటి సాంద్రతను 1.025 దగ్గర నిలపడం నేర్చుకున్నాం. ఈసారి చలికాలంలో కరెంటు పోతే ఏం చేయాలో చూద్దాం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకు 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. టెక్సస్‌లో నలభై లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు లేదు. 16వ తేదీ ఉదయం డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు.

కరెంటు పోగానే అందరికీ హీటర్ గురించే టెన్షన్. నిజానికి చేపలకు ముందు వచ్చే కష్టం చలి కాదు, ఊపిరి. తొట్టెడు నీళ్లు చల్లారడానికి గంటలు పడుతుంది. పంపు ఆగి పైనీరు కదలకపోతే మాత్రం ఆక్సిజన్ అంతకంటే ముందే తగ్గిపోతుంది. కాబట్టి మొదట బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి. అది లేకపోతే చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. చేయి నొప్పి పుడుతుంది, అయినా పనిచేస్తుంది.

ఇన్వర్టర్‌కి హీటర్ తగిలిస్తే సరిపోదా అంటారు. లెక్క వేద్దాం. 200 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 230 వాట్-అవర్లు కావాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీని సగం వరకే వాడాలి, అంటే సుమారు 600 వాట్-అవర్లు. రెండున్నర డిగ్రీలకే అయిపోతుంది! అదే బ్యాటరీ మీద చిన్న ఎయిర్ పంపు రోజుల తరబడి నడుస్తుంది. బ్యాటరీని గాలికే వాడండి.

వేడి సంగతి గ్యాస్ పొయ్యి చూసుకుంటుంది. ముందు తొట్టి చల్లారకముందే పక్కలకు థర్మోకోల్, దాని మీద దుప్పట్లు చుట్టండి. పైన గాలికి కాస్త సందు వదలండి. తర్వాత పొయ్యి మీద 60 డిగ్రీలకు కాచిన నీళ్లు నింపి, మూత బిగించిన లీటరు సీసాలు తొట్టి నీళ్లలో తేలేలా వేయండి. 24 డిగ్రీల్లో ఉన్న ఆ 200 లీటర్ల తొట్టిలో ఒక్కో సీసా పెంచేది 0.18 డిగ్రీలకు మించదు. ఐదు సీసాలు వేసినా డిగ్రీ లోపే. అదే మంచిది, గంటకు ఒక డిగ్రీ దాటి పెంచకూడదు. సీసాలు పగడాలకు ఆనకూడదు. వేడినీళ్లు నేరుగా పోశారా, ఉప్పు పలచబడుతుంది. సీసాలు వేసేముందు కొంత తొట్టినీరు తీసి పక్కన పెట్టుకోండి. నేను మర్చిపోయి కార్పెట్ తడిపాను.

బొగ్గుల కుంపటి, జనరేటర్ ఇంట్లోకి, గ్యారేజీలోకి అస్సలు తేవద్దు. ఆ వారం టెక్సస్‌లో కార్బన్ మోనాక్సైడ్‌కి మనుషులే చనిపోయారు.

మేత మానేయండి. హీటర్ ప్లగ్ తీసేయండి. నీటిమట్టం తగ్గి అది బయటపడి ఉండగా కరెంటు వస్తే హీటర్ గాజు పగులుతుంది.

అభ్యాసం: ఒక చలి సాయంత్రం పంపులు నడవనిచ్చి, హీటర్ ఒక్కటే ఆపి, మూడు గంటల పాటు అరగంటకోసారి ఉష్ణోగ్రత రాసుకోండి. 24కి దిగితే వెంటనే అభ్యాసం ఆపేసి హీటర్ వేయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, 8వ పాఠంలో దాన్నిబట్టి మీ తొట్టికి ఎన్ని సీసాలు కావాలో లెక్క కడదాం.