మందుల సంచితో బడికొచ్చే పిల్లలు - 3వ పాఠం: షుగర్ డౌనైతే

పోయిన పాఠంలో ఆస్తమా పిల్లలకు ఇన్‌హేలర్ పట్టించడం నేర్చుకున్నాం, ఇంట్లో ప్రాక్టీసు చేసే ఉంటారు. ఈసారి టైప్ 1 షుగర్. ఇది మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు వచ్చే షుగర్ కాదు. ఈ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు కాబట్టి రోజూ సూది వేసుకోవాల్సిందే, స్వీట్లు తిని తెచ్చుకున్నదీ కాదు (ఎన్నిసార్లు చెప్పినా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు "చిన్నప్పుడు చాక్లెట్లు ఎక్కువ పెట్టుంటారు" అంటూనే ఉంటారు).

సూది వేసుకున్నాక తిండి తగ్గినా, ఆలస్యమైనా, ఆట ఎక్కువైనా షుగర్ పడిపోతుంది. మనకు ముందు రావాల్సిన విద్య దాన్ని గుర్తుపట్టడం. ఎందుకంటే అది జబ్బులా కనిపించదు, పొగరులా కనిపిస్తుంది.

నేనే బోల్తా పడ్డాను. తిరుపతిలో అప్పుడు పనిచేస్తున్న హైస్కూల్లో మార్చి ఆఖరు, ఒంటిపూట బడులు. తొమ్మిదో తరగతి పిల్లాడు పొద్దున్నే సూది వేసుకుని, టైమైపోతోందని ఇడ్లీ సగంలో వదిలేసి వచ్చాడు, పైగా రెండో పీరియడ్ కబడ్డీ. నా లెక్కల పీరియడ్‌కి వచ్చేసరికి నోటుబుక్కులో అంకెలు గీత దాటి కిందికి జారిపోతున్నాయి. ఏందిరా ఇది అంటే "వదిలేయండి సార్" అని విసుక్కున్నాడు. ఎదురు మాట్లాడతావా అని లేపి నిలబెట్టాను. ఫ్యాన్ కిందే ఉన్నాడు, కానీ కాలరంతా తడిసిపోయింది, చేతిలో పెన్ను వణుకుతోంది. ఇవన్నీ నేను చూశాను, చూసి కూడా భయపడ్డాడులే అనుకున్నాను. పక్క బెంచీ పిల్లాడే లేచి "సార్, వాడికి డౌనయింది" అన్నాడు. మీటర్లో 52. 70 కంటే తగ్గితే చాలు, వెంటనే చక్కెర ఇవ్వాలి, 54 కంటే దిగితే ఇంకా ప్రమాదం.

ఇంతలో ఇంకొకడు బ్యాగులోంచి శ్రీవారి లడ్డూ తీశాడు. మన ఊళ్లో ఎవరి డబ్బాలో చూసినా ఒక ముక్క ఉంటుంది కదా. ప్రేమగానే తీశాడు గానీ ఈ పనికి లడ్డూ పనికిరాదు, నెయ్యి, జీడిపప్పు ఉన్న తిండి కడుపులోంచి నిదానంగా కదులుతుంది, చక్కెర రక్తంలోకి ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. చాక్లెట్‌దీ, మధ్యాహ్న భోజనంలో ఇచ్చే పల్లీ చిక్కీదీ అదే కథ. కావాల్సింది వట్టి చక్కెర. పెద్ద పిల్లలకైతే 15 గ్రాములు, అంటే దాదాపు మూడు టీ చెంచాల గ్లూకోజ్ పొడో పంచదారో, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. చిన్న పిల్లలకు అంత అక్కర్లేదు, వాళ్ల డాక్టర్ చెప్పిన కొలత ఇంట్లో అడిగి ముందే రాసి పెట్టుకోండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. పైకి వచ్చాక, భోజనానికి ఇంకా టైముంటే అప్పుడు పెట్టండి ఆ లడ్డూ. మీటర్ దగ్గర లేకపోతే దాని కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా, డౌన్ అనే అనుకుని ఇచ్చేయండి.

ఆఫీసు రూముకెళ్లి తాగిరా అని ఒంటరిగా మాత్రం పంపొద్దు, మెట్ల మీద పడిపోతే చూసేవాళ్లుండరు. చక్కెరే పిల్ల దగ్గరికి రావాలి. స్పృహ తప్పినా, మింగలేకపోతున్నా నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ పేషెంటే కదా అని ఎవరైనా ఇన్సులిన్ తీస్తే చెయ్యి పట్టుకుని ఆపండి.

పరీక్ష హాల్లో తిండేంటి అనే ఇన్విజిలేటర్లు ఇప్పటికీ ఉన్నారు. 10, 12 తరగతుల బోర్డు పరీక్షలకు టైప్ 1 పిల్లలు చక్కెర బిళ్లలు, పండు, నీళ్ల బాటిల్ తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే చెప్పింది. వేరే బోర్డు బడైతే పరీక్షకు ముందే హెడ్మాస్టరుతో మాట్లాడి పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: టేబుల్ సొరుగులో ఒక డబ్బా పెట్టండి, అందులో గ్లూకోజ్ పొడి, చెంచా, గ్లాసు, పిల్ల ఇంటి ఫోన్ నంబరు. తర్వాత గడియారం చూసుకుని, సొరుగు తీసిన దగ్గర్నుంచి నీళ్లు కలిపేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నాకు మొదటిసారి రెండు నిమిషాలు దాటింది, చెంచా కోసం వెతికి. చివరికి పెన్ను మూతతో కలిపాను.

వచ్చే పాఠం ఫిట్స్. చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లు అప్పటిదాకా కాస్త ఆగండి.