బర్న్స్ విందుకు హాగిస్ పగలకుండా ఉండాలంటే

స్కాట్లండ్‌లో జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందు చేసేవారికి ఈ చికాకు తెలిసే ఉంటుంది: పద్యం చదువుతూ అందరి ముందు కత్తితో కోయవలసిన హాగిస్ (గొర్రె గుండె, కాలేయం వంటివి ఓట్స్‌తో కలిపి తొడుగులో కూరిన వంటకం) మరిగే నీటిలోనే పగిలిపోయి, ఓట్స్ నూక గిన్నె నిండా తేలుతుంది. ఈసారి అరకిలో హాగిస్‌ను అల్యూమినియం రేకులో రెండు పొరలుగా బిగించి చుట్టి, అంగుళం లోతు వేడినీళ్లు పోసిన పళ్లెంలో పెట్టి, 180 డిగ్రీల ఓవెన్‌లో గంటంబావు ఉంచాను. తొడుగు ఎక్కడా చిట్లలేదు; అతిథులు ఆలస్యంగా వచ్చినా ఆ రేకులోనే వేడిగా ఉంది. పొయ్యి ఖాళీగా ఉంటుంది కనుక టర్నిప్‌లు, బంగాళాదుంపలు అక్కడే ఉడికించుకోవచ్చు. హాగిస్‌ను కోసిన తరువాతే, విస్కీని మనిషికి ఒక చెంచా చొప్పున పైన పోస్తే దాని వాసన నిలుస్తుంది. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన హాగిస్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు. పైన పొగలు కక్కుతున్నా నడుమ చల్లగానే ఉండిపోతుంది కాబట్టి, దానిని ముందురోజే ఫ్రిజ్‌లోకి మార్చి పూర్తిగా కరగనివ్వాలి.