ఇనుప గేటు చప్పుడుతో ఇండస్ట్రియల్ రాక్ పాట కట్టడం

ఇండస్ట్రియల్ రాక్ అంటే యంత్రాల మోతనీ, ఇనుము చప్పుళ్లనీ కలిపి కట్టే రాక్ సంగీతం. ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ తరహా బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్ల 'క్లోజర్' పాట మొదటి ఇరవై సెకన్లు వినండి. గుండె కొట్టుకున్నట్టు ధబ్ ధబ్ అని ఒక కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ దెబ్బ) వస్తుంది కదా, దాన్ని ఆ బృందం నడిపే ట్రెంట్ రెజ్నర్ 1977లో వచ్చిన ఇగ్గీ పాప్ పాట 'నైట్‌క్లబ్బింగ్'లోని డ్రమ్ మెషిన్ నుంచి తీసుకున్నాడు. తీసుకుని, బాగా మార్చేసి, 1994లో 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' ఆల్బమ్‌లోని ఈ పాటకి పునాదిగా వేశాడు. ఆరు నిమిషాలు దాటిన పాట ఆ చప్పుడు మీదే నిలబడుతుంది. ఇలాంటి పాట చేయాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, శాంపిల్‌ని, అంటే ఇలా పట్టి తెచ్చుకున్న చప్పుడు ముక్కని, చివర్లో చల్లే కొత్తిమీరలా చూడకండి, ట్యూన్ కంటే ముందు దాన్ని తయారుచేసుకోండి.

వేరేవాళ్ల పాటలోంచి ముక్క తీసుకుంటే రెండు అనుమతులు కావాలి, ఆ రికార్డింగ్ హక్కు ఉన్నవాళ్లది ఒకటి, పాట రాసి కట్టినవాళ్లది ఇంకొకటి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆ తలనొప్పి ఎందుకు? 1980లో పశ్చిమ బెర్లిన్‌లో మొదలైన ఐన్‌స్టుర్జెండె నాయిబౌటెన్ బృందం ఇనుప రేకులు, డ్రిల్ మెషిన్లు పట్టుకుని పాటలు కట్టింది. మన చుట్టూ కూడా కావలసినంత ఉంది: షాపు రోలింగ్ షట్టర్, ఇనుప గేటు గొళ్లెం, మిక్సీ, బోరు మోటారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి వెళ్తే ఒక్క పూటలో ఆల్బమ్‌కి సరిపడా చప్పుళ్లు దొరుకుతాయి, కాకపోతే షెడ్డు వాళ్లని అడిగి రికార్డ్ చేసుకోండి.

ఫోన్ చాలు. రికార్డింగ్ యాప్‌లో వావ్ (WAV, సౌండ్‌ని కుదించకుండా దాచే ఫైల్) ఫార్మాట్ ఉంటే అది పెట్టుకోండి, ఫోన్‌ని మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంచండి. నేను మొదట్లో షట్టర్‌కి అర అడుగు దూరంలో పెట్టి ఒక మధ్యాహ్నమంతా రికార్డ్ చేస్తే, ఇంటికొచ్చి చూసేసరికి చప్పుళ్లన్నీ మైక్ తట్టుకోలేనంత గట్టిగా పడి, గరగరమంటూ పగిలిపోయి ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. పగిలిన సౌండ్ కావాలంటే తర్వాత మనమే పగలగొట్టుకోవచ్చు, రికార్డింగ్‌లోనే పగిలినదాన్ని అతికించలేం. ఒకే దెబ్బని కనీసం పదిసార్లు కొట్టండి, మెల్లగా, గట్టిగా, మూలన, మధ్యలో.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కంప్యూటర్‌లో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి తెరవండి, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో, ఏదైనా పర్లేదు. ఒక మంచి దెబ్బ తీసుకుని దాని ముందున్న ఖాళీని పూర్తిగా కోసేయండి, పది పదిహేను మిల్లీసెకన్లు మిగిలినా బీట్ ఈడ్చినట్టు అనిపిస్తుంది. చివర చిన్న ఫేడ్ ఇవ్వండి, లేకపోతే టిక్కుమంటుంది. ఇప్పుడు టైమ్ స్ట్రెచ్ (శ్రుతి మార్చినా నిడివి మారకుండా ఉంచే సదుపాయం) ఆపేసి, శ్రుతిని 12 సెమీటోన్లు (స్వరస్థానాలు) కిందికి దించండి. నిడివి రెండింతలవుతుంది, 24 దించితే నాలుగింతలు. చిన్న గొళ్లెం చప్పుడు గోదాము తలుపు పడినంత బరువెక్కుతుంది, మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత డిస్టార్షన్, అంటే సౌండ్‌ని కావాలని పగలగొట్టే ఎఫెక్ట్. నేరుగా వేస్తే కింది బరువంతా పోతుంది, అందుకని రెండు కాపీలు చేసుకోండి: ఒకదానిలో 120 హెర్ట్జ్ కింద ఉన్నది మాత్రమే శుభ్రంగా ఉంచండి, రెండోదానిలో ఆ కింది భాగం తీసేసి ఎంత కావాలంటే అంత పగలగొట్టండి. రెండూ కలిపి వినిపించి, మళ్లీ ఒకే ఫైల్‌గా రికార్డ్ చేసుకుని, కావాలంటే ఇదంతా ఇంకోసారి చేయండి.

ఇంకో మాట, ఇనుము మోగినప్పుడు ఒకదానితో ఒకటి పొసగని స్వరాలు చాలా పలుకుతాయి. వాటిలో గట్టిగా వినిపించే స్వరం ఏదో ట్యూనర్‌తో పట్టుకుని పాట శ్రుతికి కలపండి. చాలామంది ఈ పని చేయరు, అందుకే వాళ్ల బేస్ గిటార్ ఒకవైపు, డ్రమ్ ఒకవైపు లాగుతుంటాయి.

బీట్ విషయానికొస్తే, 'క్లోజర్' 90 బీపీఎమ్ (నిమిషానికి 90 బీట్లు) దగ్గర నడుస్తుంది. ఈ సంగీతంలో కోపం కోసం వేగం పెంచాల్సిన పనిలేదు. మీరూ 90 పెట్టుకోండి, అంటే ఒక్కో బీట్‌కి 0.67 సెకన్లు, దెబ్బకి దెబ్బకి మధ్య ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. గేటు దెబ్బని స్నేర్‌గా (టప్‌మని పలికే డ్రమ్ బదులు) ప్రతి బార్‌లో, అంటే నాలుగు బీట్ల వరసలో, రెండు, నాలుగు బీట్ల మీద వేయండి, యంత్రంలా కచ్చితంగా గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ చూపించే బీట్ గీతలు) మీద. జీవం మాత్రం వేర్వేరు దెబ్బల నుంచి రావాలి, మూడు నాలుగు టేకులు మార్చి మార్చి పెట్టండి. మోటారు శబ్దాన్ని లూప్ చేసి, గేట్ అనే ప్లగిన్‌తో (సౌండ్‌ని తెరుస్తూ మూస్తూ ఉండే ఎఫెక్ట్, ఇనుప గేటు కాదు) బార్‌లో పదహారో వంతు ముక్కలుగా తరిగితే హై హ్యాట్ (టిక్ టిక్‌మనే డ్రమ్ తాళాలు) దొరికినట్టే.

మొదటి 8 బార్లు, అంటే 21 సెకన్లు, కిక్కు, స్నేరు తప్ప ఇంకేమీ వద్దు. తర్వాత బేస్, తర్వాత గొంతు. గిటార్ కోసం ఎంత చెయ్యి దురద పెట్టినా ఆపుకోండి, రెండో కోరస్ దాకా ఆగితే అప్పుడు దాని దెబ్బ తెలుస్తుంది. 'క్లోజర్' కూడా ఇలాగే పొర మీద పొర పేరుస్తూ వెళ్లి, చివర్లో అంతా పోయి పియానో ఒక్కటే మిగులుతుంది, ఆ పియానో ట్యూనే మళ్లీ ఆల్బమ్ పేరు పెట్టుకున్న పాటలో వస్తుంది. మీ పాట చివర్లో అన్ని ట్రాకులూ ఒక్కసారిగా ఆపేసి, మొదటి రోజు ఫోన్‌లో పట్టిన ఆ గేటు చప్పుడుని, వెనకాల వినిపించే రోడ్డు హోరుతో సహా, ఏ ప్లగిన్ వేయకుండా ఒక్కసారి మోగనివ్వండి.